ఒక కాలా, నాలుగు కాళ్లా?

పశువుల దవాఖానకు కుక్కను పట్టుకొచ్చిన మనిషి ఎక్కువగా చెప్పే మాట ఇది: "ఒకటే కాళ్లు నాకుతుంది సార్. రాత్రి అది పండదు, మమ్మల్ని పండనియ్యదు. ఏదన్న సూది ఇయ్యిండ్రి." సూది ఇవ్వడం తేలిక. స్టెరాయిడ్ పడిందంటే ఆ రాత్రికే నాకుడు తగ్గుతుంది. ఇంటిల్లిపాది హాయిగా పడుకుంటారు. కొన్నాళ్లకు మళ్లీ అదే దవాఖాన, అదే సూది. ఏడాది తిరిగేసరికి కుక్క లావెక్కుతుంది, ఊరికే నీళ్లు తాగి ఊరికే ఉచ్చ పోస్తుంది, చర్మం పలచబడుతుంది. నాకుడు మాత్రం ఎక్కడికీ పోదు. అనుభవమున్న డాక్టరు అందుకే సూది తీయకముందు ఒక ప్రశ్న వేస్తాడు. నాకేది ఒక కాలా, నాలుగు కాళ్లా?

ఒక్క కాలే అయితే ఎలర్జీ మాట పక్కన పెట్టవచ్చు. అది చాలావరకు నొప్పి. నల్గొండ, పాలమూరు ఎర్ర చెల్కల్లో తిరిగే కుక్కకు కాల్లో ఏదైనా దిగడానికి కొదవేముంది? పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు, ఎండిన గడ్డి గింజల ముక్కులు. వీటిలో గడ్డి గింజ మహా మొండిది. దాని మీది నూగు ఒకే వైపుకు వాలి ఉంటుంది కాబట్టి వేళ్ల సందున ఒకసారి దిగితే లోపలికే నడుస్తుంది గాని వెనక్కి రాదు. పైన చిన్న పుండు కనబడుతుంది, మానినట్టే మాని వారానికి మళ్లీ చీము కారుతుంది. అలాంటి పుండుకు గోళీలు మింగించడం దండగ, లోపలి గింజను తీయాల్సిందే. విరిగిన గోరు, రోహిణి కార్తె ఎండలో తారురోడ్డు మీద నడిచి కాలిన అరికాలి మెత్తలు, వయసు మళ్లిన కుక్కల్లో కీళ్ల నొప్పి కూడా ఒక కాలి లెక్కలోకే వస్తాయి. వీటి సంగతి ఇంతటితో చాలు.

నాలుగు కాళ్లు, లేదా ముందరి రెండు కాళ్లు నాకుతుంటే అసలు కథ అప్పుడు మొదలవుతుంది. అది దురద. కుక్కకు గోకడం, కొరకడం, నాకడం అన్నీ దురద తీర్చుకునే మార్గాలే. తెల్లటి పమేరియన్ పాదాలు ఇటుకరంగుకు తిరిగితే పసుపు అంటిందనో, మట్టి మరకనో అనుకుంటారు. నిజానికి అది కుక్క లాలాజలంలోని పార్ఫిరిన్లనే పదార్థాల రంగు. ఎవరూ చూడనప్పుడు కూడా కుక్క నాకుతోందనడానికి అదే సాక్ష్యం.

ఈ దురదకు కారణం చెప్పే పరీక్ష ఒకటి ఉంటుందని జనం నమ్మకం. రక్తం తీసి పంపితే "మీ కుక్కకు ఫలానాది పడదు" అని కాగితం వస్తుందని ఆశ. చర్మవైద్యం తెలిసిన పశువైద్యులు ఎక్కడివాళ్లైనా చెప్పేది వేరు. ఎలర్జీని నిర్ధారించేది పరీక్ష కాదు, వరుస. ఒక్కొక్క కారణాన్ని క్రమంగా తీసేస్తూ పోతే చివరికి మిగిలేదే ఎలర్జీ. ఆ వరుస తప్పితే ఎంత ఖరీదైన పరీక్షైనా తప్పుదారే పట్టిస్తుంది. వరుసలో ముందుగా ఏమున్నాయో తెలియాలంటే కుక్క ఏ నేల మీద నడుస్తోందో, ఏం తింటోందో, ఏ నెలలో నాకుతోందో తెలియాలి. ఈ అధ్యాయమంతా ఆ మూడింటి గురించే.

కాళ్ల కింద ఏముంది

మిర్యాలగూడలో ఒక ఇల్లు, అందులో రెండేళ్ల లాబ్రడార్ ఉన్నాయనుకుందాం. తాండూరు బండల నేల, రోజూ ఫినాయిలు వేసి తుడుస్తారు. కుక్క ఆ తడిమీదే పడుకుంటుంది. దీనికి ముందు చేయాల్సింది ఖర్చులేని పని: కొన్ని వారాలు ఫినాయిలు మానేసి ఉత్త నీళ్లతో తుడవడం. గాఢమైన ఫినాయిలు, బ్లీచింగు పొడి, కొత్తగా పోసిన సిమెంటు ఏవైనా వేళ్ల సందుల్లోని పలచటి చర్మాన్ని మండిస్తాయి. దీన్ని ఎలర్జీ అనకూడదు, చర్మం కాలడమే. రసాయనం పోతే దురదా పోతుంది.

మట్టి మీద కట్టేసిన కుక్కల సంగతి వేరు. ఇంటి వెనక తడిగా, నీడగా, మలం ఎత్తని చోట కట్టేస్తే ఆ మట్టిలో కొంకిపురుగుల పిల్లలు పెరుగుతాయి. అవి పాదాల చర్మంలోంచే దూరి ఒంట్లోకి పోతాయి. దూరిన చోట ఎర్రబడి వాస్తుంది, కుక్క విపరీతంగా నాకుతుంది. మలం పరీక్షలో గుడ్లు కనబడితే పురుగు మందు వేస్తారు, చోటు మారిస్తే తగ్గిపోతుంది.

ఇక గోమార్లు. వీటిని వెతికేవాళ్లు మెడ మీద, చెవుల్లో చూస్తారు గాని వేళ్ల సందులు విప్పి చూడరు. మన దగ్గర కుక్కల మీద ఉండే గోధుమరంగు గోమారికి అదే ఇష్టమైన చోటు. ఆడ గోమారి రక్తం తాగి రాలిపడి గోడ నెర్రెల్లో వేల గుడ్లు పెడుతుంది కాబట్టి కుక్కకు మందు వేసి గోడను వదిలేస్తే లాభం లేదు. పాదాలు నాకే కుక్కకు ఒక్కో వేలి సందునూ వేళ్లతో విప్పి, వెలుతురులో చూడకుండా మరే మాటా మాట్లాడకూడదని నా అభిప్రాయం.

కంటికి కనిపించనివి ఇంకొన్ని ఉన్నాయి. చర్మంలో సొరంగాలు తవ్వే గజ్జి పురుగు సార్కోప్టిస్ ఒకటి. వీధికుక్కల్లో ఇది చాలా ఎక్కువ, ఇంట్లో మనుషుల చేతులకూ నడుముకూ దద్దుర్లు వస్తే దీన్ని తప్పక అనుమానించాలి. దీనికొక చక్కని చిన్న పరీక్ష ఉంది. కుక్క చెవి అంచును దాని మీదికే మడిచి వేళ్లతో రుద్దాలి. అటువైపు వెనక కాలు గాలిలో గోకడం మొదలుపెడితే గజ్జిని గట్టిగా అనుమానించవచ్చు. గజ్జి ఉన్న కుక్కల్లో ఐదింట నాలుగు ఇలా చేస్తాయి. గజ్జి లేని కుక్కల్లో చేసేవి చాలా కొద్ది. వెంట్రుకల కుదుళ్లలో బతికే డెమోడెక్స్ మరొకటి. ఇది అంటుకునేది కాదు, పాదాలు వాచి పుండ్లు పడతాయి. నాలుగు వెంట్రుకలు పీకి మైక్రోస్కోపు కింద పెడితే కనబడుతుంది.

పన్నెండు పదిహేనేళ్ల కిందటి దాకా వీటిలో ఒక్కోదానికి ఒక్కో మందు. ఇప్పుడు అఫోక్సోలానర్, ఫ్లూరలానర్ వంటి మందులొచ్చాక పని తేలికైంది. ఒకే గోళీ గోమారినీ, ఫ్లీ పురుగునూ, గజ్జినీ, డెమోడెక్స్‌నూ చంపుతుంది. పరీక్షలో పురుగు దొరక్కపోయినా డాక్టర్లు ముందు ఈ గోళీ ఇచ్చి చూడడానికి కారణమిదే. నాకుడు ఆగిపోతే అక్కడితో వెతుకులాట అయిపోయింది. మూర్ఛ వచ్చే కుక్కలకు మాత్రం ఈ జాతి మందులు ఆలోచించి ఇవ్వాలి. పల్లెల్లో ఇప్పటికీ వాడే ఐవర్‌మెక్టిన్ సూది గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ మందును కనిపెట్టినందుకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది, కోట్ల మంది కళ్లు కాపాడింది, మన గొర్రెలకూ మేలు చేసింది. కాని కోలీ వంటి కొన్ని జాతుల కుక్కల్లో ఒక జన్యులోపం వల్ల అది మెదడులోకి చొరబడి ప్రాణం తీస్తుంది. పశువు బరువు చూసి కుక్కకు సూది వేసే అలవాటు మానాలి.

నిండిన చెరువు

పురుగుల పని అయిపోయాక చూడాల్సినవి సూక్ష్మజీవులు. వేళ్ల సందున పారదర్శకమైన టేపు ఒకటి అంటించి తీసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే రెండు రకాలు కనిపించవచ్చు. ఒకటి స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బాక్టీరియా, గుండ్రటి చుక్కల గుంపులుగా ఉంటుంది. రెండోది మలసీజియా అనే ఈస్టు, నడుము దగ్గర సన్నబడిన కణాలు. ఈ రెండూ ఆరోగ్యంగా ఉన్న కుక్క చర్మం మీద కూడా కొద్దికొద్దిగా ఉంటాయి. దురదపెట్టి నాకి నాకి పాదం ఎప్పుడూ తడిగా ఉంటే అవి విజృంభిస్తాయి. పాదాల నుంచి పులిసిన వాసన వస్తుందని ఇంటివాళ్లు చెబితే అది ఎక్కువగా మలసీజియానే. క్లోర్‌హెక్సిడిన్ కలిపిన షాంపూతో వారానికి రెండుసార్లు కడగడం, డాక్టరు చెబితే మందు గోళీలు వేయడం దీనికి చికిత్స.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఈస్టుకు మందు వాడగానే నాకుడు సగం తగ్గుతుంది కాబట్టి జబ్బు అదేననుకుంటారు. దురదకు చెరువుకున్నట్టే ఒక మట్టం ఉంటుంది. గోమార్ల నుంచి ఒక వాగు, ఈస్టు నుంచి ఒక వాగు, దుమ్ము నుంచి ఒక వాగు వచ్చి కలుస్తాయి. అన్నీ కలిసి మట్టం దాటినప్పుడే అలుగు దూకుతుంది, అంటే కుక్క నాకుతుంది. ఒక వాగును ఆపితే అలుగు ఆగుతుంది గాని చెరువు ఎండదు. మళ్లీ వానాకాలం వస్తే దూకుతుంది. ఈస్టును, బాక్టీరియాను తీసేశాక కూడా మిగిలే దురద ఎంత? దాన్ని కొలవడానికే ఈ చికిత్సంతా. మిగిలిందేమీ లేకపోతే మంచిదే. మిగిలితే వెతుకులాట తిండి దగ్గరికి వస్తుంది.

కోడి, పెరుగు, అనుమానం

ఉమ్మడి పాలమూరు, నల్గొండ పట్టణాల్లో పెంపుడు కుక్కల తిండిని ఒక్క ముక్కలో చెప్పవచ్చు: చికెన్ దుకాణం నుంచి తెచ్చిన తలలు, కాళ్లు, అన్నంలో కలిపి ఉడికించింది. మాంసం తినని ఇళ్లల్లో అయితే పెరుగన్నం. కొంచెం డబ్బున్నవాళ్ల దగ్గర వీటితోపాటు దుకాణంలో దొరికే పొడి తిండి, అదీ చికెనే. తిండి ఎలర్జీ కొత్త తిండికి రాదు, రోజూ తినే తిండికే వస్తుంది. ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు. "మూడేండ్ల నుంచి తింటుంది, ఇప్పుడెందుకు పడదు?" అంటారు. మూడేళ్లుగా తింటోంది కాబట్టే పడకుండా పోయింది. శరీరం ఒక ప్రొటీనును మళ్లీ మళ్లీ చూస్తేనే దానికి శత్రువని ముద్ర వేస్తుంది.

ఏయే తిండ్లకు ఎలర్జీ ఎక్కువో 2016లో ఓలివ్రీ, మ్యూలర్, ప్రెలో అనే ముగ్గురు పరిశోధకులు అంతకుముందు అచ్చయిన లెక్కలన్నీ కలిపి చూశారు. తిండి ఎలర్జీ ఉన్న 297 కుక్కల్లో 34 శాతానికి గొడ్డుమాంసం, 17 శాతానికి పాల పదార్థాలు, 15 శాతానికి కోడిమాంసం, 13 శాతానికి గోధుమ పడలేదు. ఆ లెక్కలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల కుక్కలవి. అక్కడ గొడ్డుమాంసం ఎక్కువ తినిపిస్తారు గనక అది ముందు నిలిచింది. చికెన్, పెరుగు మీదే బతికే మన కుక్కల విషయంలో మొదటి అనుమానం ఆ రెండింటి మీదే పెట్టుకోవడం తెలివైన పని.

దీన్ని తేల్చే పరీక్ష ప్రపంచమంతటా ఒక్కటే, అది వంటింట్లో జరుగుతుంది. కుక్క ఇంతవరకు ఎన్నడూ తినని మాంసకృత్తు ఒకటి, పిండిపదార్థం ఒకటి ఎంచుకుని ఎనిమిది వారాలపాటు అవి తప్ప ఇంకేమీ పెట్టకూడదు. ఎనిమిది ఎందుకంటే, తిండి ఎలర్జీ ఉన్న కుక్కల్లో ఐదు వారాలకు 80 శాతం, ఎనిమిది వారాలకు 90 శాతం పైగా తెరిపిన పడతాయి. రెండు వారాలు చూసి "ఏం తగ్గలే" అని మానేస్తే పరీక్ష చేసినట్టే కాదు.

ఏం పెట్టాలి? పరదేశపు పుస్తకాల్లో కంగారూ, బాతు, జింక అని రాసి ఉంటుంది. అచ్చంపేటలో కంగారూ ఎక్కడ దొరుకుతుంది? మేకమాంసం పెడదామంటే, గొర్రెమాంసం రుచి చూసిన కుక్కకు అది కొత్తది కాదు, రెండింటి ప్రొటీన్లూ దగ్గరివి. చేపలు తినని కుక్కకు చేపే మంచిది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను, లేదంటే చెరువుల్లో పెరిగే బొచ్చె, రవ్వ. ముళ్లన్నీ తీసి, ఉప్పు కారం నూనె లేకుండా ఉడికించాలి. దానికి తోడు కందగడ్డ, అంటే చిలగడదుంప. మన ఊళ్లలో శివరాత్రికి కుప్పలు పోసి అమ్ముతారు. మిగతా నెలల్లో కాస్త వెతకాలి. పెద్ద కుక్కకు రెండు నెలలు ఈ తిండి సరిపోతుంది గాని పెరిగే కూనకు సున్నం చాలదు, కూనల విషయంలో డాక్టరును అడగకుండా ఈ పని చేయకూడదు. (చేప అనగానే మిరుగు నాడు నాంపల్లిలో ఉబ్బసానికి మింగించే కొర్రమీను పిల్ల చాలామందికి గుర్తొస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ చేపను మందుగా పెట్టడం లేదు, కుక్క ఒంటికి తెలియని తిండి కాబట్టి పెడుతున్నాం.)

ఈ పరీక్షను చెడగొట్టేది కుక్క కాదు, ఇంట్లోవాళ్లు. నాయనమ్మ ఆగబట్టలేక ఇంత పాలబువ్వ పెడుతుంది. పిల్లలు బిస్కెట్టు విసురుతారు. ఆదివారం బొక్కలు సరేసరి. పక్కింటి పిల్లి గిన్నె, వీధిలోని చెత్తకుండీ, చివరికి మాంసం రుచి కలిపిన గోమారి గోళీ కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే ఆ గోళీ తిండి పరీక్షకు ముందే వేయాలన్నది. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒప్పించకుండా ఈ పరీక్ష మొదలుపెట్టవద్దు.

ఎనిమిది వారాల్లో నాకుడు తగ్గిందనుకోండి. పండగ చేసుకునే ముందు ఇంకో మెట్టు ఉంది, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. పాత తిండి మళ్లీ పెట్టాలి. పెట్టిన కొన్ని రోజుల్లోనే, మహా అయితే రెండు వారాల్లో, నాకుడు తిరిగొస్తే తిండి ఎలర్జీ రుజువైనట్టు. రాకపోతే తగ్గింది తిండి వల్ల కాదు, ఈలోపు ఋతువు మారిపోయి ఉంటుంది.

ఇంత కష్టమెందుకు, వెంట్రుకలు, ఎంగిలి పంపితే తిండి ఎలర్జీ చెబుతామనే కంపెనీలు ఉన్నాయి కదా అని ఎవరైనా అంటే ఒక అధ్యయనం సంగతి చెప్పాలి. 2019లో అచ్చయిన ఆ అధ్యయనంలో పరిశోధకులు ఎలర్జీ ఉన్న కుక్కల, ఆరోగ్యంగా ఉన్న కుక్కల వెంట్రుకలు, లాలాజలంతోపాటు కృత్రిమ బొచ్చు, ఉప్పునీరు కూడా పరీక్షకు పంపారు. వాటికీ ఎలర్జీల జాబితా వచ్చింది. ఏది జబ్బు కుక్కదో, ఏది బొమ్మ బొచ్చో ఆ ఫలితాలను బట్టి చెప్పలేం. అలాంటి పరీక్షకు పెట్టే డబ్బుతో చేపలు కొనుక్కోవడం మేలు.

గాలిలోదే, కాలికెందుకు?

పురుగులు పోయాయి, ఈస్టు పోయింది, తిండి కాదని తేలింది. కుక్క ఇంకా నాకుతూనే ఉంది. ఇప్పుడు మిగిలేది అటోపీ: దుమ్ము, పుప్పొడి, బూజు వంటి ఒంటికి హాని చేయని వాటి మీద శరీరం చేసే వృథా యుద్ధం.

ఎలర్జీ అనే మాటను 1906లో వియన్నా పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే వాడుకలోకి తెచ్చాడు. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి రసాన్ని కొద్దికొద్దిగా సూదులతో ఎక్కించి మనుషుల్లో దాన్ని తగ్గించే దారి కనిపెట్టాడు. 1941లో అమెరికాలో ఫ్రెడ్ విట్టిచ్ అనే వైద్యుడు కుక్కకు కూడా ఈ జబ్బు దానంతటదే వస్తుందని రాశాడు. పుప్పొడి కాలంలో ఇబ్బంది పడే ఒక కుక్కకు నూన్ పద్ధతిలోనే సూదులు వేశాడు. ఎలర్జీని నడిపించే ఐజీఈ అనే ప్రతిదేహాన్ని 1966లో ఇషిజాకా దంపతులు గుర్తించారు.

మనిషికి పుప్పొడి పడకపోతే తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు. కుక్కకు మాత్రం చర్మం దురద, అందులోనూ పాదాలు, చెవులు, పొట్ట. ఎందుకని? అటోపీ ఉన్న కుక్కల చర్మం పైపొరలో కొవ్వు పదార్థాలు తక్కువై పొర సందులు పడుతుంది. దుమ్ము అక్కడినుంచే లోపలికి పోతుంది. వెంట్రుకలు దట్టంగా ఉన్న వీపు మీద దుమ్ము చర్మాన్ని తాకడం కష్టం. పాదాలు నేలను తాకుతూ, చెమర్చుతూ, రాపిడికి గురవుతూ ఉంటాయి. కుక్కకు చెమట పట్టే చోటే పాదాల మెత్తలు. లోపలికి పోయిన దుమ్మును రక్షణ కణాలు చూసి ఐఎల్-31 అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి, అది నేరుగా దురద నరాలను తాకుతుంది. 2013లో శాస్త్రవేత్తలు బీగిల్ కుక్కలకు ఆ ఒక్క సంకేతాన్నే ఎక్కించి చూశారు. కొద్ది గంటల్లోనే అవి గోక్కోవడం, నాక్కోవడం మొదలుపెట్టాయి. మనుషుల ఎలర్జీ గోళీ సెట్రిజిన్ కుక్క దురద మీద అంతంత మాత్రంగానే పనిచేయడానికి కారణం కూడా ఇదే. అది అడ్డుకునేది హిస్టమిన్‌ను, కుక్క దురదను ఎక్కువగా నడిపేది వేరే.

అటోపీని గుర్తుపట్టడానికి 2010లో ఫావ్రో అనే పరిశోధకుడి బృందం ఎనిమిది గుర్తులు చెప్పింది. మూడేళ్లలోపే మొదలవడం, ఎక్కువసేపు ఇంట్లో ఉండే కుక్క కావడం, స్టెరాయిడ్‌కు దురద తగ్గడం, పుండ్లకంటే దురద ముందు రావడం, ముందరి పాదాలకు ఉండడం, చెవి డిప్పలకు ఉండడం, చెవి అంచులకు లేకపోవడం, నడుము పైభాగానికి లేకపోవడం. వీటిలో ఐదు ఉంటే అటోపీ అని నూటికి 85 కుక్కల్లో సరిగ్గా పట్టుకోవచ్చు. కాని అటోపీ లేని కుక్కల్లోనూ నూటికి ఇరవై దాకా పొరబడే వీలుంది. అందుకే మిగతా కారణాలన్నీ తీసేశాకే ఈ గుర్తులను లెక్కపెట్టాలి. ఎనిమిదేళ్ల వయసులో కొత్తగా నాకడం మొదలుపెట్టిన కుక్కకు అటోపీ అని తొందరపడి పేరు పెట్టకూడదు.

మన కార్తెల లెక్క

ఏది పడటం లేదో తెలుసుకోవడంలో క్యాలెండరు చాలా పని చేస్తుంది. అది పాలమూరు, నల్గొండ ఉమ్మడి జిల్లాల్లో ఎలా ఉంటుందో చూద్దాం.

ప్రపంచంలో ఎక్కువ అటోపీ కుక్కలకు పడనిది దుమ్ములో బతికే నల్లి. మంచంలో ఉండే నల్లి కాదు, మిరపతోటలో రైతులు మందుకొట్టే ఎర్రనల్లికి చుట్టం. మూడో వంతు మిల్లీమీటరు ఉంటుంది. పరుపుల్లో, బొంతల్లో, సోఫాల్లో రాలిన చర్మపు పొట్టు తిని బతుకుతుంది. అది నీళ్లు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. గాలిలో తేమ సగం కంటే తగ్గితే ఎండి చస్తుంది. అందుచేత దేవరకొండ, అచ్చంపేట వైపు ఏప్రిల్, మే నెలల పొడి వేడికి అవి తగ్గాలి, మిరుగు దాటి వానలు పడ్డాక పెరగాలి. కాని ఇంట్లో కూలరు తిరుగుతుంటే ఈ లెక్క తారుమారవుతుంది. బయట 45 డిగ్రీల ఎండ కాస్తున్నా కూలరున్న గదిలో తేమ నల్లికి సరిపోతుంది, తడి గడ్డి పట్టీల్లో బూజు కూడా పెరుగుతుంది. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, ఇంటి చుట్టూ పొలంలో నీళ్లు నిలిచే చోట, ఏడాదిలో ఎక్కువ నెలలు తేమే. ఎండాకాలంలో నాకడం మాని వానాకాలంలో మొదలుపెట్టే కుక్క, ఏడాది పొడవునా నాకే కుక్క ఒకే జబ్బుతో ఉండి, ఇల్లు మాత్రం వేరై ఉండవచ్చు.

నల్లిలో ఇంకో జాతి తిండి నిల్వల్లో ఉంటుంది. ధాన్యం గోదాముల్లో, తెరిచిపెట్టిన పొడి తిండి సంచుల్లో పెరుగుతుంది. మన పట్టణాల్లో కుక్క తిండిని పెద్ద సంచి విప్పి కిలోల లెక్కన లూజుగా అమ్ముతారు. వానాకాలంలో నల్లి పట్టే ఆ తిండి చౌక కాదు.

వానలు పడ్డ రెండు నెలలకు వయ్యారిభామ మోకాలెత్తు లేస్తుంది. 1950ల మధ్యలో పుణెలో కనబడిన ఈ మొక్క దేశమంతా పాకింది. దానిలోని పార్థెనిన్ వల్ల రైతుల మెడలు, చేతులు నల్లబడి దురదలు పెట్టడం మన దగ్గర తెలిసిందే. ఇది అటోపీ కాదు, స్పర్శతో వచ్చే ఎలర్జీ. కుక్కల్లో ఇలాంటి స్పర్శ ఎలర్జీలు వెంట్రుకలు పలచగా ఉండే పొట్ట మీద, వేళ్ల సందుల్లో కనబడతాయి. ఖాళీ ప్లాటులోకి వదిలే కుక్కను కొన్నాళ్లు అటు పోకుండా కట్టేసి చూస్తే తేలిపోతుంది. అదే కాలంలో గరిక, ముళ్ల తోటకూర పుప్పొడి. కార్తికం నాటికి హార్వెస్టర్లు దిగి రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, కొనుగోలు కేంద్రాల్లో తూర్పారపట్టే దుమ్ము ఊరంతా కమ్ముకుంటుంది. వడ్ల నూగు ఒట్టి రాపిడితోనే పాదాలను ఎర్రబరుస్తుంది. ఎండాకాలం మొదట్లో సర్కారు తుమ్మ పూత.

ఆముదం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ రెండు జిల్లాలూ చాలాకాలం ఆముదానికి పెట్టింది పేరు. 1928లో అమెరికాలోని టొలీడో పట్టణంలో ఒక ఆముదం మిల్లు నుంచి ఎగిరే దుమ్ముకు చుట్టుపక్కల జనానికి ఉబ్బసం వచ్చిందని ఇద్దరు వైద్యులు రుజువు చేశారు. ఆముదపు గింజలోని ప్రొటీన్లు అంత బలమైన ఎలర్జీ కారకాలు. అయితే కుక్కకు ఆముదంతో అసలు ముప్పు దురద కాదు, విషం. ఎరువుగా మొక్కల పాదుల్లో వేసే ఆముదపు చెక్కను కుక్కలు వాసనకు తవ్వి తింటాయి. అందులో రిసిన్ అనే ఆ విషం ఉంటే ప్రాణం దక్కడం కష్టం. పాదాలకు రాసిన ఆముదం నూనె నాకితే మాత్రం పారుకునే విరేచనాలే.

ఊరి కుక్కలకు ఈ బాధ తక్కువెందుకన్నది అందరూ అడిగేదే. ఫిన్లాండ్‌లో 2018లో వేల కుక్కల మీద చేసిన పరిశీలనలో పట్నపు కుక్కలకు, వాటి యజమానులకు కూడా ఎలర్జీలు ఎక్కువని, పొలాలు, అడవుల దగ్గర పెరిగే కుక్కలకు తక్కువని తేలింది. చిన్నప్పటి నుంచి మట్టిలోని రకరకాల సూక్ష్మజీవులు తాకితే రక్షణ వ్యవస్థ ఏది శత్రువో నేర్చుకుంటుందన్నది వాళ్ల వివరణ. ఊరి కుక్కల్లో లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ రక్తం లేకపోవడమూ ఒక కారణం. ఈ జాతులకు అటోపీ వంశంలోనే ఉంది.

రక్త పరీక్ష, చర్మంలో చుక్కలుగా వేసి చూసే పరీక్ష ఇప్పుడు, ఇక్కడ పనికొస్తాయి. అటోపీ ఉందా లేదా అని తేల్చడానికి కాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కల రక్తంలో కూడా నల్లి మీద ఐజీఈ కనబడుతుంది. అటోపీ అని తేలిన కుక్కకు నూన్ పద్ధతి సూదుల్లో ఏం కలపాలో నిర్ణయించడానికే అవి. ఆ సూదులు నెలల తరబడి వేస్తే సగానికి పైగా కుక్కలకు గుణం కనబడుతుంది. సూదులు వద్దనుకుంటే ఐఎల్-31 సంకేతం పనిచేయకుండా ఆపే ఓక్లాసిటినిబ్ గోళీ ఉంది. ఏడాది నిండని కుక్కకు వేయకూడదు, చవకా కాదు. రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం దాకా పోగలిగితే చర్మ పరీక్షల గురించి అక్కడ అడగవచ్చు. వేలి సందుల పరీక్షకు, టేపు పరీక్షకు, తిండి పరీక్షకు మాత్రం అంత దూరం అవసరం లేదు. మైక్రోస్కోపు ఉన్న జిల్లా దవాఖాన, మాట వినే కుటుంబం ఉంటే చాలు.

కాబట్టి రక్త పరీక్షకు డబ్బు కట్టే ముందు ఈ పని చేయండి. మీ కుక్క ఏ నెలలో నాకడం మొదలుపెట్టింది, ఏ కాళ్లు నాకుతుంది, ఆ నెలలో ఇంట్లో, వీధిలో, గిన్నెలో కొత్తగా వచ్చిందేమిటి అన్నది ఒక కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి. సూది గురించి ఆ తర్వాత అడగవచ్చు.